కారవాజ్జో పవిత్రచిత్రములయందు గ్రామ్యత

రోమునగరమున సాంత్ అగొస్తీనో దేవాలయములో, ఎడమప్రక్క మొదటి పార్శ్వమందిరపు బలిపీఠముపై ఒక పెద్ద తైలవర్ణపటము కలదు. ఒక పాతయింటి గుమ్మమున మరియమాత బాలయేసును ఎత్తుకొని, కాలిపై కాలు మెలివేసి నిలుచున్నది. ఆమె యెదుట ఒక వృద్ధురాలును ఒక పురుషుడును మోకరిల్లి చేతులు జోడించియున్నారు. పురుషుని అరికాళ్లు చూచువారి ముఖమునకు సూటిగా తిరిగియున్నవి; అవి మట్టికొట్టుకొని యున్నవి. వృద్ధురాలి తలగుడ్డ చినిగి, మాసియున్నది. ఈ పటమును 1604, 1606 సంవత్సరముల నడుమ చిత్రించినవాడు మికెలాంజెలో మెరీసి. కుటుంబపు ఊరిపేరనే లోకము అతనిని కారవాజ్జో యని పిలుచుచున్నది. పటము నెలకొల్పబడినప్పుడు సామాన్యజనులు ఆ కాళ్లనుగూర్చియు ఆ తలగుడ్డనుగూర్చియు పెద్దగోల చేసిరని బాల్యోనె 1642లో ప్రకటించిన తన గ్రంథమున చెప్పెను. బాల్యోనె తానును చిత్రకారుడు, కారవాజ్జోకు ప్రత్యర్థి. ఆ గోల సంతోషమువలన పుట్టినదో రోషమువలన పుట్టినదో అతని మాటలబట్టి తేలదు. అతనికి మాత్రము అది యంతయు తేలికతనముగా తోచెను.

బాల్యోనె మొదలుకొని, 1672లో చిత్రకారచరిత్రలు ప్రకటించిన బెల్లోరివరకు, ప్రాచీనులు కారవాజ్జోపై మోపిన నేరమును తెలుగువారికి పరిచితమైన ఆలంకారికపరిభాషలో చెప్పవలసినచో గ్రామ్యత, అనౌచిత్యము అను రెండు మాటలు చాలును. బెల్లోరి అతని వర్ణములయందలి సహజత్వమును మెచ్చుకొనెను. కాని కల్పన, ఔచిత్యము, రేఖాజ్ఞానము ఇవేవియు అతనికి లేవనియు, ఎదుటనున్న మనుష్యుని తొలగించినచో అతని చేయియు మనస్సును శూన్యములగుననియు తీర్పు చెప్పెను. అపొస్తలునికి కూలివాని కాళ్లు, దేవుని తల్లికి వీధిలో కనబడు స్త్రీముఖము తగునా యను ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది గాదు. ఉదాత్తకథకు ఉదాత్తపాత్రలే కావలెనను నియమము ఇటలీవారికి మాత్రమే చెందినది గాదు. సంస్కృతాలంకారికులును రసము చెడుటకు అనౌచిత్యమునే ముఖ్యహేతువుగా గణించిరి.

అయితే ఔచిత్యము వస్తువునందే యుండునా, దానిని చూపు రీతియందుండునా? కారవాజ్జో పటములలో దీనజనులను వెలుగునుండి విడదీసి చూచినవారికెల్ల వారు గ్రామ్యులుగనే కనబడిరి. వెలుగును దీనజనులనుండి విడదీసి మెచ్చినవారికి అది గారడిగా కనబడెను. నిజమునకు ఈ రెండును ఒక భావనకే రెండు ముఖములు. పూర్వులు బంగారుపూతచేతను, ప్రభామండలములచేతను, మేఘములపై కూర్చుండబెట్టిన దేవదూతలచేతను చేయించిన పనిని ఇతడు వెలుగుచేత చేయించెను. కావుననే పాత్రలకు దివ్యవేషముతో పనిలేకపోయెను.

ఈ భావన శూన్యమునుండి పుట్టలేదు. ప్రొటెస్టెంటులు తమ దేవాలయములనుండి విగ్రహములను చిత్రములను తొలగించుచుండగా, రోమను కథోలిక సంఘము ట్రెంటు మహాసభయొక్క కడపటి సమావేశమున, 1563 డిసెంబరులో, చిత్రములనుగూర్చి ఒక శాసనము చేసెను. ప్రజలకు విశ్వాసవిషయములు చిత్రములమూలమున బోధింపబడవలెనని అందొక భాగము. ఆ చిత్రములయందు అసభ్యముగాని, అవ్యవస్థితముగాని, అలవాటులేని వింతగాని ఉండరాదని మరియొక భాగము. మొదటిది చిత్రకారుని వీధిలోనికి పంపును. రెండవది వీధినుండి వెనుకకు పిలుచును. బొలోన్యాకు చెందిన కార్డినలు పాలెయొత్తి 1582లో ఈ విషయముపై ఒక గ్రంథమే ప్రకటించెను. ఎంతమంది ఎన్ని గ్రంథములు వ్రాసినను, గీత యెచ్చట గీయవలెనో ప్రతి బలిపీఠమునొద్దను క్రొత్తగా తేల్చుకొనవలసియే వచ్చెను.

కారవాజ్జో 1571లో మిలానునందు జన్మించెను. ఆ లొంబార్డుదేశమున అతనికి ముందే సవొల్డో అను చిత్రకారుడు దీపపు వెలుతురున సువార్త వ్రాయుచున్న మత్తయిని చిత్రించియుండెను. ఆ పటము నేడు న్యూయార్కునందలి మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలలో నున్నది. చీకటిని, సామాన్యుని ముఖమును కారవాజ్జో ఆ నేలనుండియే తెచ్చుకొనెననవచ్చును. కాని రోమునకు వచ్చినపిదప అతడు దీపమును పటములోనుండి తీసివేసెను. చిన్నమార్పుగా తోచు నిది చిన్నది గాదు. వెలుగు ఉన్నది, అది యెచ్చటనుండి వచ్చుచున్నదో కనబడదు. క్రీస్తును సైనికులు పట్టుకొను పటమునందు, అది నేడు డబ్లిన్‌లో నున్నది, ఒకనిచేత లాంతరు ఉన్నను, ముఖములపై పడు ముఖ్యమైన వెలుగు ఆ లాంతరునుండి వచ్చునది గాదు. అతడు నమూనాలను మూసినగదిలో నిలిపి, ఎత్తున ఒక దీపముంచి, చుట్టును చీకటి చేసెడివాడని బెల్లోరి చెప్పుచున్నాడు. అతనివని నిశ్చయముగా చెప్పదగిన రేఖాచిత్రము లేవియు నిలువలేదు. ముదురురంగు పూసిన పటముపై, పచ్చిపూతలో మొనతో గీచిన గుర్తులు మాత్రము కొన్నిచోట్ల కనబడును. చీకటియే నేల, దేహములు దానిలోనుండి పైకి తేలినవి.

1599, 1600 సంవత్సరములలో సాన్ లుయీజి దేయ్ ఫ్రాన్చేజి దేవాలయమునందలి కొంతరెల్లి మందిరమునకై చిత్రించిన రెండు పటములలో మత్తయి పిలుపు ఒకటి. మత్తయి సుంకరి, సుంకపుమెట్టునొద్ద నున్న అతనిని యేసు పిలుచును, అతడు లేచిపోవును. సువార్తలో కథ యింతే. కారవాజ్జో దానిని రోములో ఏ సందులోనైన కనబడదగిన ఒక మసకగదిలో పెట్టెను. బల్లచుట్టు ఐదుగురున్నారు. ఇద్దరు యువకులు మంచి బట్టలు కట్టియున్నారు. ఒకనికి ఈకటోపీ, ఒకని నడుమున కత్తి. వృద్ధుడొకడు కళ్లద్దములు సరిచేసికొనుచు నాణెములను చూచుచున్నాడు. ఒక పడుచువాడు తలవంచి లెక్కలో మునిగి, వచ్చినవారిని కన్నెత్తియు చూడలేదు. నడుమనున్న గడ్డపువాడు వ్రేలు చాచియున్నాడు. ఆ వ్రేలు తన్ను చూపుచున్నదా, తలవంచిన పడుచువానిని చూపుచున్నదా, అనగా మత్తయి ఎవరు, అను వివాదము నేటికిని తీరలేదు. కుడిప్రక్కనుండి వచ్చినవారు క్రీస్తు, పేతురు. ఇద్దరికిని కాళ్లకు చెప్పులు లేవు; పేతురుచేత కర్ర గలదు. క్రీస్తుదేహమును పేతురు దాదాపుగా మరుగుపరచుచుండుటచే కనబడునది ముఖమును, చాచిన చేయియు. ఆ చేయి సిస్టీను మందిరపు కప్పుపై మికెలాంజెలో బువొనర్రోతి చిత్రించిన ఆదాముచేతిని స్ఫురింపజేయును. తలపైని ప్రభావలయము సన్నని గీత; వెదకినగాని కనబడదు.

ఇచ్చట దీనులెవరు? పట్టుబట్టలును, నాణెములును, కత్తియు బల్లనొద్ద నున్నవి. వట్టికాళ్లు క్రీస్తువి. కారవాజ్జోను గ్రామ్యుడని నిందించినవారు ఈ పటమున దైవపక్షమే దీనపక్షమను మాటను గమనింపరైరి. వెలుగు క్రీస్తుతలకు పైనుండి ఏటవాలుగా గోడపై సాగి, అతనిచేయి చూపిన వైపునకే పోవుచున్నది. గోడకు ఒక కిటికీ చిత్రింపబడియున్నది. దానినుండి వెలుతురు రాదు. గదికి సహజమైన కిటికీ గ్రుడ్డిదై యుండగా, వెలుగు వట్టికాళ్లవారితోకూడ లోనికి వచ్చినది. పటము మందిరపు ఎడమగోడపై నున్నది. బలిపీఠముపైనున్న నిజమైన కిటికీ పటమునకు కుడివైపున నుండును. చిత్రకారుడు ఆ దిక్కునుండియే లోని వెలుగును ప్రసరింపజేసెను. అందుచే దేవాలయమున మోకరిల్లిన వానిపై పడు వెలుతురును సుంకరి ముఖముపై పడు వెలుతురును ఒకటే యగుచున్నది. యాత్రికుల సౌకర్యమునకై ఇట్టి మందిరములలో, పెట్టెలో నాణెము వేయగానే వెలిగి కొద్దిసేపటికి ఆరిపోవు విద్యుద్దీపములను అమర్చిరి. రంగులు వానిచే స్పష్టముగా కనబడును. వెలుగుయొక్క దిక్కు మాత్రము చెడును. సుంకరి పటమును చూచుటకు నాణెము చెల్లింపవలసివచ్చుట మరియొక వింత.

వెలుగనగా పుణ్యమనియు, చీకటి యనగా పాపమనియు చెప్పి ముగించు వ్యాఖ్యానము చాలమందికి ప్రియమైనది. ఆ మందిరమున ఎదుటిగోడపైనున్న మత్తయి వధ దానిని నిలువనీయదు. అందు వెలుగంతయు ఎక్కువగా పడినది హంతకుని దిగంబరదేహముపైని. సాంతా మరియా దెల్ పోపొలో దేవాలయమున చెరాజి మందిరమునకు 1600, 1601 సంవత్సరములలో చిత్రించిన పేతురు సిలువ పటమునందును అట్లే. ముగ్గురు కూలివాండ్రు సిలువను తలక్రిందుగా ఎత్తుచున్నారు. ఒకడు త్రాడు లాగుచున్నాడు. ఒకడు దుంగను పట్టుకొనియున్నాడు. ఒకడు క్రింద వంగి వీపుతో మోపుచున్నాడు. ఆ వంగినవాని పిరుదులు చూచువారివైపు తిరిగియున్నవి, పాదములు నల్లగా మాసియున్నవి. వారి ముఖములు సరిగా కనబడవు. వారి మోము బరువే. వారికి క్రూరత్వము లేదు, కసి లేదు. రోజుకూలికి రాయి ఎత్తినట్లు పేతురును ఎత్తుచున్నారు. వృద్ధుడైన పేతురు మేకు దిగిన తనచేతివైపు తిరిగి చూచుచున్నాడు. వెలుగు అతని ముసలిఱొమ్ముపైని, వాండ్ర వీపులపైని సమముగా పడుచున్నది. సూర్యుడు చెడ్డవారిపైని మంచివారిపైని ఉదయించునని చెప్పిన సువార్త మత్తయిదే. ఆ భావము ఈ పటమున మాట లేక నిలిచినది. వెలుగు ఇచ్చట బహుమానము గాదు. ఎవరిని చూడకుండ పోరాదో వారిని అది చూపుచున్నది. ఎదుటిగోడపై పౌలు గుఱ్ఱము క్రింద వెల్లకిల పడి చేతులు చాచియున్నాడు. గుఱ్ఱము పటములో పెద్దపాలు ఆక్రమించుకొనియున్నది. దానిని పట్టుకొన్న ముసలిసేవకునికి ఏమి జరిగినదో తెలియనే తెలియదు. ఈ రెంటి నడుమ బలిపీఠముపై అన్నీబలె కర్రాచ్చి చిత్రించిన మరియమాత స్వర్గారోహణము కాంతిమంతములగు వర్ణములతో, దేవదూతలతో వెలుగొందుచున్నది. కర్రాచ్చి గొప్పవాడు. అతని అపొస్తలులు ఆశ్చర్యపడుట తెలిసినవారు. ఈ ముసలిసేవకునికి ఆ విద్య రాదు.

గ్రామ్యతావిమర్శ మాటలతో నిలువక పటములను తిరస్కరించుటకు దారితీసెను. కొంతరెల్లి బలిపీఠమునకై 1602లో చిత్రించిన మొదటి మత్తయి పటమున, బట్టతల, బలిసిన కాళ్లు గల ఒక రైతువంటి వృద్ధుడు కుర్చీపై కాలుమీద కాలు వేసికొని, ఒళ్లో పుస్తకము పెట్టుకొని, నుదురు ముడుతపడ వ్రాయుచున్నాడు. దేవదూత అతనిపై వంగి, పిల్లవానిచేత అక్షరములు దిద్దించు గురువువలె, అతనిచేయి పట్టుకొని వ్రాయించుచున్నాడు. అక్షరములు హీబ్రూలిపిలోనివి. పాదము పటమునుండి బలిపీఠముపైకి పొడుచుకొని వచ్చినట్లుండెను. ఇది పరిశుద్ధుని రూపముగాదని గురువులు దానిని తీసివేయించిరని బెల్లోరి చెప్పుచున్నాడు. కారవాజ్జో మరియొక పటమును చిత్రించి యిచ్చెను; నేడు అచ్చట నున్నది అదియే. అందలి మత్తయి పొడవైనవాడు, పండితుడు. దేవదూత గాలిలో నుండి వ్రేళ్లు మడచి లెక్కపెట్టుచు చెప్పుచున్నాడు. ఔచిత్యము నెగ్గినది, కాని నష్టము లేకపోలేదు. వ్రాయనేరని చేతితో వ్రాయించినవాడు దేవుడను భావము మొదటి పటమునకు ప్రాణము. రెండవదానియందు అది కనబడదు. తిరస్కృతమైన పటమును విన్చెంజొ జుస్తినియాని కొనెను. అది తరువాత బెర్లిను ప్రదర్శనశాలకు చేరి, 1945లో యుద్ధాంతమున నశించెను. నలుపుతెలుపు ఛాయాచిత్రములు మాత్రము మిగిలినవి. అందలి వెలుగును తెలిసికొనుటకు నేడు అవియే ఆధారము.

మరియమాత మరణము మరింత తీవ్రమైన విషయము. లయెర్చియో కెరుబీని యను న్యాయవాది 1601లో సాంతా మరియా దెల్లా స్కాలా దేవాలయమునకై దీనిని ఒప్పందము చేసికొనెను. ఆ దేవాలయము చెప్పులు ధరింపని కార్మెలీయ సన్న్యాసులది. పటము పండ్రెండడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల వెడల్పు గలది. ఒక పొట్టిమంచముపై ఎఱ్ఱబట్టతో మరియమాత పడియున్నది. ఒకచేయి వ్రేలాడుచున్నది. పొట్ట ఉబ్బియున్నది. పాదములు మంచపుకొసను దాటి బయటకు వచ్చియున్నవి. అపొస్తలులు చుట్టును నిలుచున్నారు. వారిలో ఎవరును ఆకాశమువైపు చూచుటలేదు, ఏలయన అచ్చట ఆకాశమే లేదు. పైన ఒక పెద్ద ఎఱ్ఱతెర మాత్రము వ్రేలాడుచున్నది. మగ్దలేనె మరియ ఒక చిన్నపీటపై కూర్చుండి, మోకాళ్లపైకి వంగి యేడ్చుచున్నది. ఆమె ముఖము కనబడదు. మెడవెనుకటి భాగము కనబడును. ఆమె కాళ్లయొద్ద ఒక రాగిపళ్లెము కలదు. శవమును కడుగుటకు నీళ్లు పెట్టిన యింటిని ఎరిగినవారికి ఆ పళ్లెము ఏమియో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ పటమును సన్న్యాసులు వలదనిరి. ఉబ్బిన దేహమును, బయటపడిన కాళ్లును కారణమని బాల్యోనె చెప్పెను. ఒక వేశ్యను నమూనాగా నిలుపుకొనుట కారణమని మంచీని వ్రాసెను. మరియమాత మరణము నిద్రవంటిదనియు, ఆమె దేహసహితముగా స్వర్గమున కెత్తబడెననియు నమ్మువారికి, ఇంత నిస్సందేహమైన శవము కంటకమగుట సహజము. వారిని మూర్ఖులనుట సులభము గాని న్యాయము గాదు. ఎత్తబడుటకు సిద్ధముగానున్న దేహమును వారు కోరిరి. పూడ్చుటకు సిద్ధముగానున్న దేహము వారికి లభించెను. అయినను వెలుగును గమనించినచో సమాధానము అందే కలదు. అది ఎడమవైపు పైనుండి దిగి, అపొస్తలుల బట్టతలలను ఒక్కొక్కదానినే తాకుచు, మరియ ముఖమునొద్దకు వచ్చి, అచ్చట నిలువక మగ్దలేనె మెడవరకు సాగినది. ముఖము కనబడనివానియందును దుఃఖము కనబడుచున్నదన్నచో అది ఆ వెలుగు చేసిన పనియే. దేవదూతలు లేని లోటును తీర్చునది దానికంటె వేరొకటి లేదు. మరియతలపై దారమువంటి ప్రభావలయ మొకటి ఉన్నది. పటమునకు అది యవసరము గాదు, సన్న్యాసులకై యుంచినట్లున్నది.

సన్న్యాసులు తరువాత సరచేనిచేత అదేవిషయమును చిత్రింపజేసిరి. సరచేని మరియను కూర్చుండబెట్టి, చేతులు జోడింపజేసి, కన్నులు పైకెత్తించెను. అదియును మొదట చాలదనిరి. పైభాగమున స్వర్గమును, దేవదూతలను చేర్చినపిదపనే అంగీకరించిరి. పటము చక్కగానున్నది. అందు ఎవరును చనిపోలేదు.

తిరస్కృతమైన కారవాజ్జో పటమును మాంతువా ప్రభువు 1607లో కొనెను. కొనుమని ప్రోత్సహించినవాడు అప్పుడా ప్రభువుకొలువున నున్న రూబెన్సు. నగరమునుండి తరలించుటకుముందు ఒక వారము దానిని చూచుటకు అందరకు అవకాశ మీయబడెను. పిదప అది ఇంగ్లండు రాజగు ఒకటవ చార్లెసు చేతికిని, అతని వధానంతరము జరిగిన విక్రయములమూలమున ఫ్రాన్సుకును పోయి, 1671లో పదునాలుగవ లూయీ సంపదలో చేరెను. నేడు లూవ్రులో నున్నది. మాసినపాదములను దేవాలయములు వలదనినప్పుడెల్ల ప్రభువులును, కార్డినలులును, ధనికులును వానిని ఆదరముతో కొనిరి. రసికత యనదగినదే. కాని బలిపీఠముపై ఆ పాదములకు ఎదుటివాడు, తానును మట్టికాళ్లతో వచ్చి మోకరిల్లినవాడు; చిత్రశాలలో ఎదుటివాడు కౌశలమును తూచువాడు. సాంత్ అగొస్తీనోలోని యాత్రికుల పటము కదలింపబడక నిలిచియుండుటచే దానికి ఆ నష్టము కలుగలేదు. మోకరిల్లినవానికి ముందు మోకరిల్లినవాని అరికాళ్లు కనబడుట వరుసలో కూర్చున్న భక్తుని నిత్యానుభవమే. చిత్రకారుడు చూచువానిని ఆ వరుసలో చేర్చెను.

కారవాజ్జో పటములన్నియు ఈ కొలతకు సరిపోవునని చెప్పరాదు. సేయింటు పీటరు దేవాలయమునకై 1605, 1606లలో చిత్రింపబడి, అచ్చట కొద్దికాలమే యుండి, బొర్గేజె కార్డినలు చేతికి పోయిన మరియ, అన్న, సర్పము గల పటమున వెలుగు దేహములను చూపుచున్నదే కాని వానిని ఒకదానితో నొకటి కలుపుటలేదు. ముడుతల ముఖముతో నిలిచిన అన్న ప్రక్కింటినుండి వచ్చి చూచుచున్న ముసలిదానివలె నున్నది. వెలుగు పని చేయనిచోట దీనత ఉత్త దీనతగనే మిగులునని ఈ పటమే చూపుచున్నది.

1610లో పోర్తో ఎర్కొలెయందు అతడు చనిపోయినపిదప అనుయాయులు దేశదేశముల బయలుదేరిరి. మన్‌ఫ్రేది మొదలగువారికి చీకటియు, చావడియు, జూదరులును దక్కిరి, వెలుగు అలంకారమైపోయెను. మూలమును గ్రహించినవాడు లొరైనుదేశపు జార్జి ద లా తూరు. 1593లో పుట్టి 1652లో చనిపోయిన ఇతనిని లోకము పూర్తిగా మరచిపోగా, 1915లో హెర్మన్ ఫోస్ అను జర్మను పండితుడు మరల వెలికి తెచ్చెను. కారవాజ్జో పటమునుండి తీసివేసిన దీపమును ఇతడు మరల లోనికి తెచ్చెను. లూవ్రులోని వడ్లవాడైన యోసేపు పటమున ముసలి యోసేపు వంగి దూలమునకు బరమా త్రిప్పుచున్నాడు. నుదుటిపై ముడుతలు, చేతులపై నరములు కనబడుచున్నవి. బాలయేసు క్రొవ్వొత్తి పట్టుకొని ఎదుట కూర్చున్నాడు. ప్రభామండలము లేదు, రెక్కలు లేవు. జ్వాలకు అడ్డముగా పెట్టిన చేతి వ్రేళ్లలోనుండి వెలుతురు ఎఱ్ఱగా దిగుచున్నది. గోళ్లలో కొంచెము మురికి యున్నది.